నేను చెప్పేది సగమే

నా ఒంట్లో ఒకచోట సన్నని నొక్కు ఉంది. పాదరసం గుండుకు కొంచెం పైన, వెంట్రుకంత ఇరుకు. వేడి తగిలితే పాదరసం ఆ ఇరుకు దాటి పైకి పాకుతుంది. చల్లబడినా తనంతట తాను కిందికి దిగదు, పట్టుకొని గట్టిగా విదిలిస్తేనే దిగుతుంది. అందుకే చంకలోంచి తీసి వెలుతురు దగ్గరికి తీసుకెళ్లేలోగా నా అంకె మారదు. చూసిన జ్వరాన్ని చూసినట్టే చెబుతాను. నేను థర్మామీటర్‌ని.

2009లో నన్ను కోఠిలోని ఒక మందుల దుకాణంలో కొన్నారు. ఆ ఏడు మే 16న దేశంలోనే మొదటి స్వైన్‌ఫ్లూ కేసు మన హైదరాబాద్‌లో బయటపడింది. విదేశం నుంచి శంషాబాద్‌లో దిగిన ప్రయాణికుడికి హెచ్1ఎన్1 సోకిందని తేలింది. మాస్కు దొరకనివాళ్లు జేబురుమాలు కట్టుకొని తిరిగిన రోజులవి. ఆ భయంతోనే ఈ ఇంటి నానమ్మ నన్ను కొని, కొంగులో చుట్టుకొని ఇంటికి తెచ్చింది.

తర్వాత నానమ్మ వాళ్లు బడంగ్‌పేట్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఖాళీ ప్లాట్లన్నీ ఇళ్లయ్యాయి. 2019లో ఊరు మున్సిపల్ కార్పొరేషన్ అయింది. నా చోటు మాత్రం అలమరలో, మందుల డబ్బాలోనే.

అప్పుడు భయపెట్టిన హెచ్1ఎన్1 ఎక్కడికీ పోలేదు. హెచ్3ఎన్2తో, 'బి' రకంతో కలిసి ఏటా వచ్చే ఫ్లూలో అదీ ఒకటైంది. మన దగ్గర ఫ్లూ ఏడాదిలో రెండుసార్లు గట్టిగా తిరుగుతుంది: వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరోసారి. వానలంటే మాకు బోనాలు, వినాయక చవితి. పక్కనే బాలాపూర్ గణేశుడు. 1994లో 450 రూపాయలతో మొదలైన లడ్డూ వేలం చూడటానికి ఇప్పటికీ జనం భుజాలు రాసుకుంటూ నిలబడతారు. అక్కడ ఒకరి దగ్గు తుంపర పక్కవారి ముక్కు చేరడానికి క్షణం చాలు. పైగా జ్వరం కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే ఫ్లూ అంటుకోవడం మొదలవుతుంది.

ఒక ఏడు నిమజ్జనం చూసొచ్చిన రెండో రోజు మూడేళ్ల మనవడి ఒళ్లు కాలిపోయింది. నేను 103 చూపించాను. కోడలు పారాసిటమాల్ సిరప్ పట్టింది. మూడు రోజులు జ్వరం ఎక్కుతూ దిగుతూ ఉంది. నాలుగో రాత్రి సిరప్ పట్టాక నన్ను పెట్టి చూశారు.

"తగ్గింది అత్తమ్మా, 99ఏ ఉంది" అంది కోడలు, నన్ను లైటుకు ఎత్తి చూపిస్తూ. ఇల్లంతా నిశ్చింతగా పడుకుంది. నేను అబద్ధం చెప్పలేదు. కానీ సిరప్ దించిన అంకె అది, రోగం దిగిన అంకె కాదు. ఆ తేడా చెప్పే నోరు నాకు లేదు.

తెల్లవారుజామున నానమ్మ వాడి మీద చెయ్యి వేసి ఉలిక్కిపడి లేచింది. "బిడ్డా, లే! పిల్లగాడు డొక్కలు ఎగరేస్తుండు!" ఊపిరి తీసినప్పుడల్లా వాడి పక్కటెముకల కింద గుంట పడుతోంది. ఆటో పిలిచి నిలోఫర్ దవఖానకు పరుగెత్తారు. అక్కడ నర్సమ్మ వాడి పొట్ట మీద చెయ్యి పెట్టి, గడియారం చూస్తూ నిండుగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టిందట. 54. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 40 చేరితేనే ప్రమాదమట. ఫ్లూ దెబ్బతీసిన ఊపిరితిత్తుల్లో న్యుమోనియా చేరింది. ఆక్సిజన్ పెట్టారు. పిల్లవాడు గండం గడిచి ఇంటికొచ్చాడు.

వాడు దవఖానలో ఉండగానే తాతకు జ్వరం వచ్చింది, 102. తాతకు షుగర్. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, వయసు మళ్లినవాళ్లు, షుగర్, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఫ్లూ వస్తే ఆలస్యం చేయొద్దని అప్పటికే డాక్టరు చెప్పి ఉన్నాడు. తాత ఆ పొద్దునే వెళ్లాడు. ఒసెల్టామివిర్ ఇచ్చారు: పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఐదు రోజులు. జ్వరం మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటే అది బాగా పనిచేస్తుంది. ఈ మందును మొదట్లో అనాసపువ్వులోని షికిమిక్ ఆమ్లం నుంచే తయారు చేశారు. అలాగని బిర్యానీలో వేసే అనాసపువ్వును కాచుకు తాగితే ఫ్లూ తగ్గదు. అది డాక్టరు చూసి రాయాల్సిన మందు.

ఆ వారం నా హద్దు నాకు తెలిసింది. ఫ్లూ అయినా డెంగీ అయినా నాకు ఒకటే 103. అందుకే వానాకాలం జ్వరానికి సొంతంగా ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ మింగకూడదు, అది డెంగీ అయితే ప్రమాదం. పిల్లలకు ఆస్పిరిన్ అసలే ఇవ్వకూడదు. యాంటీబయాటిక్ ఫ్లూ వైరస్‌ను ఏమీ చేయలేదు; న్యుమోనియా లాంటిది తోడైతే డాక్టరే రాస్తాడు. ఆయాసం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలబడటం, లేపినా లేవని మత్తు, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టడం... వీటిలో ఏది కనిపించినా నా అంకె ఎంతని చూడకండి, దవఖానకు వెళ్లండి.

ఇప్పుడు ఈ ఇంట్లో ఏటా వానలకు ముందే అందరూ ఫ్లూ టీకా వేయించుకుంటున్నారు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే పిల్లల టీకాల్లో ఇది లేదు, డబ్బు పెట్టుకోవాలి. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి పోయినేటి టీకా ఈ ఏటికి సరిపోదు. వేయించుకున్న రెండు వారాలకు గానీ రక్షణ కుదురుకోదు కాబట్టి, పండగ ముందురోజు పరుగెత్తితే లాభం లేదు. టీకా వేసుకున్నాక కూడా ఒకసారి తాతకు జ్వరం వచ్చింది. 100 దాటలేదు, మూడు రోజుల్లో లేచి తిరిగాడు. దగ్గు వస్తే మోచేతి మడతలో దగ్గుతారు. సబ్బుతో చేతులు కడుగుతారు. జ్వరమొచ్చిన పిల్లాణ్ని బడికి పంపరు.

నాలాంటి పాదరసం వస్తువులను మానేయాలని 2013లో మినమాటా ఒప్పందంలో చాలా దేశాలు అనుకున్నాయి. న్యాయమే, నా కడుపులో ఉన్నది విషం. ఎప్పుడైనా పగిలితే చీపురుతో ఊడవకండి, చేత్తో ముట్టకండి, గట్టి కాగితంతో ఎత్తి సీసాలో వేసి మూత పెట్టండి. నా పక్కకు డిజిటల్ థర్మామీటర్ కూడా వచ్చింది. నానమ్మ మాత్రం ఇంకా నన్నే తీస్తుంది.

మొన్న మనవడికి ఒళ్లు వెచ్చబడితే నన్ను విదిలించి వాడి చంకలో పెట్టింది. తన చెయ్యి వాడి పొట్ట మీద వేసి, గోడ గడియారం కేసి చూస్తూ పెదవులు కదిపింది. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు... నిమిషం నిండాకే నన్ను బయటికి తీసింది.