నాకు కనబడని జబ్బు

నేను ఎండోస్కోప్‌ని. సెంటీమీటరుకు మించని మందం, మీటరు పొడవు, కొసన కెమెరా, దీపం. మా వంశంలో సులువుగా వంగేవాటిలో మొదటిది 1957లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. బేసిల్ హిర్షోవిట్జ్ సహచరులతో కలిసి సన్నటి గాజు పోగుల కట్టతో దాన్ని తయారుచేసి, ముందు తన గొంతులోకే దించుకున్నారు. ఆనాటి నుంచీ మా పని కడుపు లోపల చూసి చెప్పడమే. అయితే ఏళ్ల తరబడి అజీర్తితో, నాలుగు ముద్దలకే నిండిపోయే పొట్టతో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి నాకు పుండు గానీ గడ్డ గానీ దొరకదు. రిపోర్టు నార్మల్ అని వస్తుంది. వెంటనే ఇంట్లోవాళ్లు ‘అంతా నీ భ్రమ’ అంటారు. నా చూపు మీద ఇంత బరువు పెట్టడం అన్యాయం. నేను పైపొరను మాత్రమే చూడగలను.

కంటికి కనబడకుండా కడుపులో ఏముంటుందో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం చూపించింది. 1979లో రాబిన్ వారెన్ మైక్రోస్కోపు కింద మెలితిరిగిన బ్యాక్టీరియాను గమనించారు. 1984లో బ్యారీ మార్షల్ ఆ క్రిములను తాగి, తన జీర్ణాశయానికే వాపు తెచ్చుకుని మరీ రుజువు చూపారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అదే హెలికోబాక్టర్ పైలోరి. ఇప్పుడు నాలోంచి దూరి వెళ్లే పటకారు జీర్ణాశయం గోడ నుంచి మెంతిగింజంత కూడా లేని ముక్కను తెస్తుంది. దాన్ని యూరియా కలిపిన పసుపు జెల్‌లో పెడతారు. క్రిమి ఉంటే దాని ఎంజైమ్ యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది, జెల్ గులాబీ రంగుకు తిరుగుతుంది. అలా తిరిగితే చికిత్స చేయాల్సిందే, ఎందుకంటే అల్సర్‌కూ జీర్ణాశయ క్యాన్సర్‌కూ ఆ క్రిమి కారణం కాగలదు. కానీ పుండు లేని అజీర్తిలో సుమారు 14 మందికి క్రిమిని చంపితే, ఆ చికిత్స వల్ల అదనంగా బాగుపడేది ఒక్కరు. లాభం నిజమే, చిన్నదే. మిగతావాళ్ల బాధకు వేరే దారి వెతకాలి.

ఆ దారి కెనడాలోని వాకర్టన్ ఊళ్లో కొంత కనబడింది. 2000 మే నెలలో వానకు పశువుల పేడలోని క్రిములు కొట్టుకొచ్చి ఊరి తాగునీటి బావిలో కలిశాయి. రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. 8 ఏళ్ల తర్వాత చూస్తే, అప్పుడు జబ్బుపడినవాళ్లలో అజీర్తి మిగతావారికంటే ఎక్కువగా ఉంది. విరేచనాలు వారం దాటినవాళ్లకూ, అంతకుముందే ఆందోళన, కుంగుబాటు ఉన్నవాళ్లకూ ఆ ముప్పు మరింత ఎక్కువ. క్రిములు ఎప్పుడో పోయాయి, బాధ మిగిలింది. ఇన్ఫెక్షన్ తర్వాత పేగు గోడలో స్వల్ప వాపు కొనసాగి నరాలు సున్నితమవుతాయనీ, తిన్నప్పుడు జీర్ణాశయం పైభాగం సరిగా సడలదనీ వైద్యులు భావిస్తున్నారు. ఇవేవీ నా కెమెరాకు అందవు. పైగా మనసుకూ కడుపుకూ మధ్య దారి రెండువైపులా నడుస్తుంది. ఆస్ట్రేలియాలో 12 ఏళ్లపాటు సాగిన అధ్యయనంలో ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి తర్వాత ఇలాంటి కడుపు బాధలు వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. కడుపు బాధతో మొదలైనవారిలో తర్వాత ఆందోళన, కుంగుబాటు పెరిగాయి.

‘అల్సర్‌కు టెన్షనే కారణమని దశాబ్దాలపాటు చెప్పి పొరబడ్డారు కదా, మళ్లీ మనసును లాగుతారేం?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆనాటి పొరపాటు మనసును లెక్కలోకి తీసుకోవడం కాదు, క్రిమి కోసం వెతక్కుండానే తీర్పు చెప్పడం. క్రిమి దొరికాక మనసును పూర్తిగా వదిలేయడమూ అలాంటి తొందరపాటే. మరికొందరికి మానసిక వైద్యం పేరెత్తితేనే అవమానంగా ఉంటుంది, జబ్బు అబద్ధమన్నట్టు వినబడుతుంది. నిజానికి తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ కొందరికి కడుపునొప్పి తగ్గిస్తుంది, ఎందుకంటే కడుపు నుంచి మెదడుకు నొప్పి కబురు మోసే నరాల మీద కూడా అది పనిచేస్తుంది. ఆలోచనల తీరును సరిదిద్దే థెరపీ కూడా కొందరికి ఉపశమనం ఇస్తుంది. ఇవి ఉన్న బాధకు చేసే వైద్యమే. అందుకే నన్ను బయటికి తీశాక డాక్టరు గ్యాస్ మాత్ర రాసి పంపేయకుండా నిద్ర ఎలా ఉంది, దిగులేమైనా ఉందా, మునుపెప్పుడైనా పెద్ద విరేచనాల జబ్బు చేసిందా అని కూడా అడగాలి. బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, ముద్ద దిగకపోయినా మాత్రం ముందు నన్నే లోపలికి పంపాలి.