తెర చూసే మనిషి ఏడి?

ఈ మధ్య టీవీలో సినిమా చూడాలంటే ఒళ్లు మండిపోతోంది. తండ్రి కూతుర్ని పక్కన కూచోబెట్టుకుని "అమ్మా, నీకో నిజం చెప్పాలి" అని నోరు తెరుస్తాడు. సరిగ్గా అక్కడ కత్తిరించి సబ్బు ప్రకటన వేస్తారు. ప్రకటనలన్నీ అయ్యి సినిమా మళ్లీ వచ్చేసరికి కూతురు ఏడుస్తూ ఉంటుంది. అతుకు దగ్గర రెండు మాటలు ఎగిరిపోయాయి, ఆ నిజమేమిటో మనకిక తెలియదు. ఇది ఎవరో కావాలని చేసిన పని కాదు. ఆ సమయానికి ఆ చానల్‌ను చూస్తున్నవాడు ఎవడూ లేడు, అంతే. ఇళ్లలో కూచుని లక్షల మంది చూస్తున్నారు. పంపించే చోట మాత్రం చూసేవాడు లేడు.

నా ఉద్యోగమంతా మాస్టర్ కంట్రోల్ రూములోనే గడిచింది. మేం ఎం.సి.ఆర్. అనేవాళ్లం. స్టూడియోలో వార్తలు చదివినా, ఎడిటింగ్ గదిలో సీరియల్ తయారైనా, ఢిల్లీ నుంచి కార్యక్రమం వచ్చినా, ప్రకటనల క్యాసెట్ నడిచినా, చివరికి అన్నీ చేరేది ఆ గదికే. అక్కణ్నుంచి ట్రాన్స్‌మిటర్‌కో, ఉపగ్రహం వైపు చూసే డిష్‌కో వెళ్తాయి. ఆ గది దాటాక దిద్దుకోవడమనేది ఉండదు. అందుకే అక్కడ మనిషిని కూచోబెట్టారు. మీటలు నొక్కడానికి మాత్రమే కాదు, చూడ్డానికీ వినడానికీ కూడా.

హైదరాబాదు దూరదర్శన్ 1977లో రామంతాపూర్‌లో మొదలైంది. 1982 ఆసియా క్రీడల నాటికి దేశంలో రంగుల ప్రసారాలొచ్చాయి. నేను పని నేర్చుకున్నది ఆ తర్వాతి రోజుల్లో. సాయంత్రం తెలుగు కార్యక్రమాలు మావి, రాత్రి జాతీయ కార్యక్రమాలు ఢిల్లీవి. ఆ రెంటినీ కలిపే అతుకు పడేది మా గదిలోనే. ఒక మానిటర్ మీద ఢిల్లీ బొమ్మ, ఇంకో దాని మీద మన బొమ్మ, గోడ మీద గడియారం. ఫలానా సెకనుకు ఢిల్లీకి మారాలంటే మారాల్సిందే, అక్కడ వాళ్లు మన కోసం ఆగరు. మన నాటకం అర నిమిషం ఎక్కువొస్తే ఏం చేయాలి? అర నిమిషం తక్కువొస్తే ఏ ఫిల్లర్ వేయాలి, నాగార్జునసాగర్ బొమ్మా, వేణుగానమా? డ్యూటీ ఆఫీసరు వెనక నిలబడేవారు, ఇంజినీరు వేలు బటన్ మీద ఉండేది. ఇద్దరూ ఆ నాటకాన్ని చూస్తూనే ఉంటారు కాబట్టి ఎక్కడ వదిలితే కథకు నష్టం ఉండదో వాళ్లకు తెలుసు.

శాంతిస్వరూప్ గారు 1983లో తెలుగు వార్తలు మొదలుపెట్టినప్పుడు టెలిప్రాంప్టర్ లేదు. వార్తలు కంఠతా పట్టి కెమెరా కళ్లలోకి చూసి చెప్పేవారు. అంత శ్రద్ధతో స్టూడియోలో ఒకాయన చదువుతుంటే, బయటికి పంపే గదిలో మేం కబుర్లు చెప్పుకుంటూ ఎలా కూచుంటాం?

ఇక టేపుల సంగతి. యుమాటిక్ క్యాసెట్లు, తర్వాత బీటాక్యామ్. ప్రతి టేపు మొదట్లో రంగుల పట్టీలు, వెయ్యి హెర్ట్జ్ కూత రికార్డు చేసి ఉండేవి. మెషీన్‌లో టేపు పెట్టగానే ముందు ఆ పట్టీలు చూసేవాళ్లం. వేవ్‌ఫామ్ మానిటర్ మీద తెలుపు ఒక వోల్టు గీత దాకా రావాలి, దాటకూడదు. వెక్టర్‌స్కోప్ మీద ఒక్కో రంగు చుక్క దాని గడిలో అది కూచోవాలి. కూతకు మీటరు ముల్లు సున్నా దగ్గర నిలవాలి. ఎందుకీ తంటా అంటే, ఒక టేపులో సావిత్రి ముఖం పసుపుగా, తర్వాతి టేపులో ఎర్రగా కనిపించకూడదని. టేపు మారిన సంగతి చూసేవాడికి తెలియకూడదు.

టేపు వేగం అందుకుని, స్టేషన్‌లోని మెషీన్లన్నిటికీ లయ ఇచ్చే సింక్‌తో కలిసి బొమ్మ నిలబడడానికి అయిదు సెకన్లు పట్టేది. ప్రీరోల్ అంటాం దాన్ని. అంటే ప్రకటన పడాల్సిన క్షణానికి అయిదు సెకన్ల ముందే మెషీన్‌ను కదిలించాలి. మెషీన్లు రెండో మూడో ఉంటాయి, వాటితోనే బ్రేకులోని ప్రకటనలన్నీ నడవాలి. ఒకటి తెర మీద ఉండగా రెండోదాన్ని కదిలించాలి, మూడోదాంట్లో క్యాసెట్ మార్చాలి. నడుమలో టేపును చదివే హెడ్ మూసుకుపోతే బొమ్మ మీద చారలు పడేవి. మెషీన్ మూత తీసి, స్పిరిట్‌లో ముంచిన మెత్తటి తోలుతో హెడ్ తుడిచి, మళ్లీ సిద్ధం చేయాలి. ఇవన్నీ చేస్తూ కూడా కన్ను తెర మీదే, చెవి స్పీకర్ మీదే. చెయ్యి అలవాటు కొద్దీ తన పని తాను చేసుకుపోతుంది, బుద్ధి బొమ్మ మీద ఉంటుంది. ఆ రోజుల్లో ఆ గదిలో నేర్పిన మొదటి విద్య అది.

అసలు తెర మీదికి ఎక్కకముందే టేపును ఒకరు మొదటి నుంచి చివరిదాకా చూసేవారు. దృశ్యం ఎక్కడ ముగిసింది, బ్రేకు ఎక్కడివ్వచ్చు, ఎక్కడ అందుకోవాలి అని గంట, నిమిషం, సెకను, ఫ్రేముతో సహా క్యూషీట్ మీద రాసేవారు. పాట మధ్యలో బ్రేకు ఎవరూ రాయరు. రాస్తే వెనక్కి తిప్పి పంపే పెద్దలుండేవారు. ఇప్పుడు ఆ పని చాలాచోట్ల లెక్క ప్రకారం జరిగిపోతోంది. ఇన్ని నిమిషాలకో బ్రేకు అని ముందే కొలిచి పెడతారు. చరణం పూర్తయిందా లేదా అని కొలతకేం తెలుసు?

కార్యక్రమాలను ఫైళ్లుగా దాచి నడిపే సర్వర్ వచ్చి టేపు బాధ తప్పించింది. హెడ్ మూసుకుపోవడాలు, టేపు నలగడాలు లేవు, ప్రకటన ఫ్రేము తేడా లేకుండా పడుతుంది. సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. యంత్రంతో నాకు పేచీ లేదు. యంత్రం వచ్చింది కదా అని మనిషిని కుర్చీలోంచి లేపేశారు, పేచీ అక్కడ.

నేను రిటైరయ్యాక ఒక చోట సలహాకు పిలిస్తే వెళ్లాను. ఊరి పేరు, సంస్థ పేరు అనవసరం. గోడంతా ఒకటే పెద్ద తెర, దాని మీద చానళ్లన్నీ అరచేయంత గళ్లుగా కనిపిస్తున్నాయి. గదిలో ఉన్నది ఇద్దరే కుర్రాళ్లు. చెవికి ఒక్క చానల్ శబ్దమే వినిపిస్తుంది, మిగతావాటికి పక్కన ఆకుపచ్చ గీతలు ఎగిరిపడుతుంటాయి. గీత ఎగిరితే శబ్దం ఉన్నట్టు. తెలుగులో రావాల్సిన ఒక పిల్లల చానల్లో ఆ పూట తమిళం వస్తోంది. ఒకే బొమ్మకు తెలుగు, తమిళం, హిందీ వేర్వేరు ట్రాకులుగా ఉంటాయి, ఎక్కడో తారుమారయ్యాయి. నేను చెప్పాక చూశారు.

"అలారం రాలేదు సార్" అన్నాడు ఆ అబ్బాయి.

ఎలా వస్తుంది నాయనా? తెర నల్లబడితే అలారం వస్తుంది, బొమ్మ కదలకుండా నిలిచిపోతే వస్తుంది, శబ్దం ఆగిపోతే వస్తుంది. ఇక్కడ బొమ్మ కదులుతోంది, శబ్దం వినిపిస్తోంది. యంత్రం లెక్కలో అంతా సవ్యమే. అది తమిళమని తెలియాలంటే వినాలి, వినేవాడికి తెలుగు రావాలి. ఆ ఇద్దరికీ తెలుగు రాదు. వాళ్లది తప్పనడం లేదు. చురుకైన పిల్లలు, ఫైలు చెడితే నిమిషంలో బ్యాకప్‌కు మార్చగలరు. తెలుగు చానల్‌కు తెలుగు తెలియనివాణ్ని కాపలా పెట్టినవాళ్లది తప్పు.

పెదవికీ మాటకూ పొత్తు కుదరకపోవడం ఇంకో రోగం. బొమ్మ ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెకు మారినప్పుడల్లా కొంత ఆలస్యమవుతుంది. శబ్దాన్ని కూడా అంతే ఆపకపోతే మాట ముందొస్తుంది, పెదవి తర్వాత కదులుతుంది. సెకనుకు మనవి 25 ఫ్రేములు. రెండు మూడు ఫ్రేములు మాట ముందుకు జరిగినా కన్నుకు కొడుతుంది. వెనకబడితే అంతగా కొట్టదు. చెరువు అవతలి గట్టున చాకిరేవులో బట్ట బండకు తగలడం ముందు కనిపించి చప్పుడు తర్వాత వినిపిస్తుంది కదా, ఆలస్యానికి మనం పుట్టినప్పటి నుంచీ అలవాటు పడ్డాం. ముందు వినిపించి తర్వాత కనిపించడమన్నది ప్రకృతిలోనే లేదు. అరచేయంత గడిలో ఈ తేడా ఎవరికి కనిపిస్తుంది? ఇంట్లో పెద్ద టీవీ ముందు కూచున్న ముసలమ్మకు కనిపిస్తుంది, తన చెవులకే ఏదో అయిందనుకుంటుంది.

ప్రకటనలు గంటకు 12 నిమిషాలు మించకూడదని కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో ఉంది. ప్రకటన శబ్దం అతిగా ఉండకూడదని కూడా వాటిలోనే ఉంది. మా ముల్లు మీటరు సత్తా కొంచెమే. ప్రకటనల వాళ్లు శబ్దాన్ని బిగించి తెస్తే ముల్లు హద్దు దాటదు గానీ చెవి మాత్రం హోరెత్తేది. అప్పుడు చెవి మాటే విని ఫేడర్ కాస్త దించేవాళ్లం. ఇప్పుడు చెవికి ఎంత హోరుగా ఉంటుందో కూడా కొలిచి చెప్పే మీటర్లొచ్చాయి. అయినా రాత్రిపూట బ్రేకు రాగానే పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు, రిమోట్ ఎక్కడుందని ఇంటిల్లిపాదీ వెతుక్కుంటున్నారు. మీటరు ఉంటే చాలదు, అది చూసి చెయ్యి కదిపేవాడు కావాలి.

ఈ బాధలన్నీ ఒక ఎత్తు, చావు వార్త రోజు ఒక ఎత్తు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయినప్పుడు, 2009 సెప్టెంబరులో వైఎస్ హెలికాప్టర్ జాడ తెలియక రాష్ట్రమంతా టీవీల ముందు కూచున్నప్పుడు, ఎం.సి.ఆర్.లో ఉన్నవాడి బాధ్యత ఏమిటో చెప్తాను. రావాల్సిన జాబితా అంతా ముందేసుకుని ఒక్కో ప్రకటనా తీసేయాలి. హాస్య కార్యక్రమం ప్రోమో తీసేయాలి. గంతులేసే పాట తీసేయాలి. లోగో పక్కన పండగ ముగ్గు ఉంటే అదీ తీసేయాలి. ఇదంతా పైనుంచి ఉత్తర్వు వచ్చాక చేస్తామంటే కుదరదు, వచ్చేలోపు సగం పడిపోతాయి. ముందు ఆపి తర్వాత ఫోన్ చేసేవాళ్లం. ఎందుకాపావని మర్నాడు ప్రకటనల విభాగం వాళ్లు అడిగేవారు, చెప్పేవాళ్లం.

ఇప్పుడో? బస్సు ప్రమాదంలో పోయినవాళ్ల ఫొటోలు తెర మీద ఉండగానే బొమ్మను పక్కకు నెట్టి కింద టైర్ల ప్రకటన రావడం నేను కళ్లారా చూశాను. కన్నతల్లి ఏడుస్తోంది, దాని కింద తగ్గింపు ధరలు. జాబితాలో ఫలానా సమయానికి అది ఉంది, యంత్రం వేసింది. అక్కడున్న కుర్రాడు చూశాడనుకుందాం. ఆపే అధికారం అతనికి లేదు, వేరే ఊళ్లోని ఆఫీసు నుంచి మెయిల్ రావాలి. చూసి కూడా చేతులు కట్టుకు కూచోవాల్సిన ఉద్యోగం ఎవరికైనా ఎలా ఇస్తారు?

ప్రైవేటు చానళ్లు మొదలైన రోజుల్లో మన గడ్డ మీంచి ఉపగ్రహానికి పంపే అనుమతి వాటికి లేదు. క్యాసెట్లు విమానంలో విదేశాలకు వెళ్లి అక్కణ్నుంచి ప్రసారమయ్యేవి. ఏదైనా తప్పు పడితే సముద్రం అవతలికి ఫోన్ చేయాలి. 2000లో విధానం సడలాక ఇక్కడే డిష్‌లు లేచాయి, ఇక్కడే గదులు కట్టారు. తప్పు పడితే నాలుగడుగుల్లో దిద్దుకోవచ్చని ఎంత సంబరపడ్డామో! మొదట్లో చట్టం ఒప్పుకోక దూరంగా పెట్టారు. ఇప్పుడు ఏ అడ్డూ లేకపోయినా ఖర్చు కలిసొస్తుందని మళ్లీ దూరానికి తరలిస్తున్నారు, క్లౌడ్ అంటున్నారు.

మా కాలంలో అవతలి చివర కూడా ఒక మనిషి ఉండేవాడు. జిల్లాల్లో వంద వాట్ల చిన్న రిలే కేంద్రాల్లో డ్యూటీలో ఉన్నవాళ్లు బొమ్మ చూస్తుండేవారు, శబ్దం బొంగురుపోతే మాకు ఫోన్ చేసేవారు. ఆ కేంద్రాలు మూతపడ్డాయి. ప్రసారం చేసిందంతా 90 రోజులు రికార్డు చేసి దాచాలని చానళ్లకు నిబంధన ఉంది, దాస్తున్నారు కూడా. అది ఎవరైనా ఫిర్యాదు చేశాక తెరిచే పెట్టె. ఫిర్యాదు రాకముందే పట్టుకునే లాగ్‌బుక్ మాది. షిఫ్టు దిగేవాడు, ఎక్కేవాడు ఇద్దరూ సంతకం పెట్టేవారు. 'రెండో మెషీన్ కుడి చానల్ సన్నగా వస్తోంది', 'రేపటి నుంచి మధ్యాహ్నం సూర్యుడు అడ్డొస్తాడు, స్లైడు సిద్ధంగా ఉంచండి' అని రాసేవాళ్లం. మార్చిలోనూ అక్టోబరు మొదట్లోనూ కొన్నాళ్లు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. అతని రొదలో ఢిల్లీ సిగ్నల్ కొన్ని నిమిషాలు మునిగిపోతుంది. ఎవరూ ఆపలేని సంగతే, అయినా చూసేవాడికి ముందుగా ఒక మాట చెప్పి 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని స్లైడు పెట్టడం మర్యాద. ఇప్పుడు బొమ్మ ముక్కచెక్కలై నిలిచిపోతుంది, ఎవరూ ఏమీ చెప్పరు.

చానళ్లు నడిపేవాళ్లను నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. కనీసం రాత్రి ఏడు నుంచి పదిన్నర దాకా, ఒక్కో తెలుగు చానల్‌కు తెలుగు వచ్చిన ఒక మనిషిని కూచోబెట్టండి. అరచేయంత గడి కాదు, ఇంట్లో ఉండేంత తెర ఇవ్వండి. శబ్దం అతని చెవిన పడనివ్వండి. జాబితాను ఆపే బటన్ అతని చేతికివ్వండి. ఎందుకాపావని మర్నాడు సంజాయిషీ అడగండి, మేమూ ఇచ్చుకున్నాం. ఆ రాత్రి మాత్రం అతని చెయ్యి పట్టుకోకండి.