జనాభా లెక్కల సారు

కరీంనగర్‌లో పుస్తకాలు చదివేవాళ్లు తక్కువేమీ కాదు గానీ, చదవమని చెప్పేవాళ్లు మరీ ఎక్కువ. వాళ్లందరికీ పెద్దతల మా సోషల్ సారు. పేరెందుకు, మీ ఊళ్లోనూ ఒకరుంటారు. ఎదురైతే చేతిలో పుస్తకం పడుతుంది, లేదంటే పేరు రాసిన చిట్టీ అన్నా పడుతుంది.

సర్వీసులో ఉండగా 1991, 2001, 2011 జనాభా లెక్కలు మూడింటికీ డ్యూటీ చేశారు. రిటైరయ్యారు గానీ ఫారం మాత్రం ఆయన్ను వదల్లేదు. రాక్షసులు, మాంత్రికులు ఉన్న నవలలంటే ప్రాణం. అయినా తెరవగానే ముందు ఇంటింటి సర్వే. ఆడవాళ్లెందరు, అందులో నోరు విప్పేవాళ్లెందరు, కత్తి పట్టేవాళ్లెందరు, ఏ తెగ, ఏ రంగు, ఇంటిపెద్ద ఎవరు? లెక్క తేలితేనే సిఫారసు.

1937 నాటి 'హాబిట్' అక్కడే తప్పింది. "పదమూడు మంది మరుగుజ్జులు, ఒక మంత్రగాడు, ఒక హాబిట్టు. ఆడమనిషి పేరు ఒక్కటి కనవడ్డది తమ్మీ, అదీ హీరో తల్లిది. ఈ రాజ్యంల పోరగాండ్లు ఎట్ల పుడుతున్నరు?" అన్నారు. చందమామ సీరియళ్లకూ అదే గతి పట్టేది గానీ, చిన్నప్పుడు చదివినవి కదా, గ్రేస్ మార్కులేసి గట్టెక్కించారు.

అర్సులా లె గ్విన్ దగ్గర మెత్తబడ్డారు. 1968లో వచ్చిన మొదటి ఎర్త్‌సీ నవలలో హీరో గెడ్ తెల్లవాడు కాడు, రాగిరంగు మనిషి. "మనోడే" అని టిక్కు పెట్టారు. ఆడవాళ్ల గడి బోసిగా ఉందని 1971 నాటి 'టూంబ్స్ ఆఫ్ అటువాన్' కూడా జతచేసి ఇస్తారు. అందులో కథంతా టెనార్ అనే పూజారిణి పిల్లది. రెండూ కలిపి ఒకే కుటుంబం కింద రాసుకున్నారు.

ఆయన చేతిలో నూటికి నూరు తెచ్చుకున్నది ఎన్.కె.జెమిసిన్ ఒక్కతే. మూడు భాగాల నవలకు 2016 నుంచి 2018 దాకా ఏటా ఒక హ్యూగో బహుమతి. మొదటి భాగం 'ఫిఫ్త్ సీజన్'లో కూతుర్ని వెతుక్కుంటూ బయల్దేరిన నడివయసు తల్లి, భూకంపాన్ని సైతం ఆపగలదు. సారు ఈ కథను గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి కార్మికుడికి ముప్పావుగంట చెప్పారు. ఆయన ఓపిగ్గా విని, "ఓపెన్ కాస్టు బ్లాస్టింగుకు మా ఇంటి గోడలు పగులుతున్నయ్ సారూ, జర ఆమె నంబరియ్యరాదు?" అన్నాడు.

మొన్న సారుతో ఆదిలాబాద్ బస్సెక్కాను. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు టికెట్టు లేదాయె, సీట్లన్నీ వాళ్లవే. సారు ఒక చేత్తో రాడ్డు, ఒక చేత్తో రొకేయా హుస్సేన్ 1905లో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' పట్టుకున్నారు. మద్రాసు పత్రికలో అచ్చయిన కథ. అందులో ఆడవాళ్లు రాజ్యమేలుతారు, ఎండతో వంట, గాలిలో బండి. మగవాళ్లు ఘోషాలో ఉంటారు. కథ సగంలో ఉండగా కుదుపొచ్చింది. "ఒక్క సీటన్న దొరకదాయె, ఇదేం రాజ్యం!" అని గొణిగారు.

కిటికీ పక్క అవ్వ వింటూనే ఉంది. "గంత దూరమెందుకు బిడ్డా, మాకు సమ్మక్క లేదా?" అంది. "పులుల నడుమ దొరికింది. సాదుకున్నది మన పొలాస దొర మేడరాజని చెప్తరు. కప్పం కట్టమంటె కట్టక, బిడ్డ సారలమ్మతోని కాకతీయ రాజు ఫౌజు మీదికి పోయింది. చిలుకలగుట్ట కాడ మాయమై కుంకుమ బరిణయింది."

సారు గబగబా నోటుబుక్కు తీశారు. ఆడవాళ్లు, తెగ, కత్తి, ఇంటిపెద్ద. ఏ గడీ ఖాళీ లేదు.

"రాసిందెవలవ్వా?"

"రాసుడేంది? మేడారం పోవుడే."

ఆ ఒక్క గడి ఖాళీ వదిలేసి, సారు చిట్టీ మీద 'సమ్మక్క' అని రాసి అవ్వ చేతిలో పెట్టారు. "మస్తుంటది అవ్వా, తప్పకుంట చదువు."

అవ్వ పక్కన అరసీటు ఖాళీ ఉంది. చిట్టీ కొంగున ముడేసుకుని, ఆ జాగాలో తన ఎల్లిగడ్డల సంచి పెట్టుకుంది. ఉట్నూరు దాకా సారు నిలబడే వచ్చారు.