నేర్పిన ఏడుపు

మా పాపకు ఆరేళ్లప్పుడు గ్లిజరిన్ లేకుండా ఏడవడం నేర్పాను. నేర్పానని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. కృష్ణానగర్‌లో మా సందులో చాలామంది సినిమా మీద బతికేవాళ్లే. "మీ అమ్మాయికి కంట్లో నీళ్లు ఇట్టే వచ్చేస్తాయటగా" అని ఎవరైనా అంటే పొంగిపోయేవాణ్ణి.

అద్దం ముందు కూర్చోబెట్టి, రెప్ప వెయ్యకుండా చూడమనేవాణ్ణి. కళ్లు మండి తడి చేరగానే "ఇప్పుడు అమ్మమ్మని తలుచుకో" అనేవాణ్ణి. అమ్మమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు. ముందు కింది పెదవి వణికేది, తర్వాత ఒక్క చుక్క జారేది. అది ఫోన్లో తీసి, నాకు తెలిసిన కో-డైరెక్టర్లందరికీ పంపేవాణ్ణి. ఫిల్మ్ నగర్ ఆఫీసుల మెట్ల మీద దాన్ని పక్కన పెట్టుకుని గంటలకొద్దీ కూర్చునేవాణ్ణి. హోంవర్క్ అక్కడే, నిద్రా అక్కడే.

ఎవరైనా వద్దంటే మహేష్‌బాబు పేరు చెప్పేవాణ్ణి. 1979లో 'నీడ'లో కనిపించేనాటికి ఆయన నాలుగేళ్ల పిల్లాడు కదా అని. 1990లో 'బాలచంద్రుడు' తర్వాత చదువు కోసం ఆయన సినిమాలు ఆపేశారనీ, మళ్లీ హీరోగా వచ్చింది 1999లో 'రాజకుమారుడు'తోననీ నాకు తెలుసు. ఆ సగం మాత్రం చెప్పేవాణ్ణి కాదు.

చట్టం తెలియకా కాదు. 2017 నాటి బాలకార్మిక నిబంధనల ప్రకారం షూటింగ్‌లో పిల్లలు రోజుకు ఐదు గంటలు మించి పనిచేయకూడదు, మూడు గంటలు దాటితే విశ్రాంతి ఇవ్వాలి, వరసగా 27 రోజులు మించకూడదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. మంచి నిబంధనలే. కాకపోతే అవన్నీ సెట్ మీద. మా ఇంట్లో అద్దం ముందు జరిగే పనికి గంటలు చూడాల్సినవాణ్ణి నేనే.

ఆ వానాకాలం పాపకు జలుబు చేసింది. వాళ్లమ్మ కాస్ట్యూమ్స్‌లో పనిచేస్తుంది, ఔట్‌డోర్‌కి వెళ్లింది. అర్ధరాత్రి పాప లేచి కూర్చుని, "చెవి పోటు నాన్నా" అంది. కింది పెదవి వణికింది. చుక్క జారింది. "భలే చేశావమ్మా, పొద్దున్న తీద్దాం, పడుకో" అన్నాను. మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాను. కాసేపటికి మళ్లీ లేపింది. ఈసారి విసుక్కున్నాను.

తెల్లారేసరికి దిండు మీద పచ్చగా చీము మరక.

జలుబు నుంచి చెవి లోపల చీము పట్టి కర్ణభేరి చిల్లు పడిందన్నారు డాక్టరుగారు. పడుకుంటే ఆ పోటు ఇంకా ఎక్కువవుతుందట. "రాత్రి నొప్పని చెప్పలేదా?" అని అడిగారు. లేదన్నాను. పాప నా ఒళ్లోనే ఉంది. తలెత్తి నా మొహంలోకి చూసింది తప్ప ఒక్క మాట అనలేదు.

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేనిది ఆ 'లేదు'. పడుకోమన్నది తెలివితక్కువతనం. పిల్ల వింటుండగా అబద్ధమాడింది మాత్రం దాన్నే అబద్ధాలకోరును చెయ్యడం.

కర్ణభేరి కొన్ని వారాల్లో మూసుకుంది. వినికిడికి లోటు రాలేదు. కానీ అప్పట్నుంచి మోకాలు గీరుకున్నా, కడుపునొప్పి వచ్చినా, "నిజంగా నాన్నా, నిజంగానే" అని రెండుసార్లు చెప్తుంది. పిల్లకి నొప్పొస్తే చెప్పాలి, పెద్దవాళ్లు నమ్మాలి. ఇంట్లో అంతకంటే పెద్ద భద్రత ఏముంటుంది? అది నేనే పాడుచేశాను. ఇప్పుడు నొప్పి అనగానే చేతిలో పని వదిలేసి లేస్తాను. అది నటనో నిజమో తేల్చుకోవాలని చూడను.

మొన్న ఒక మేనేజర్ ఫోన్ చేశారు, చెల్లెలి వేషం ఉందని. కలెక్టరు అనుమతి తీసుకున్నారా, రాత్రి షూటింగ్ ఉంటుందా, ఏడ్చే సీన్లు ఎన్ని అని అడిగాను. కనుక్కుని చెప్తానన్నారు. ఆ మాటలన్నీ పాప వింటూనే ఉంది. నీకు చెయ్యాలనుందా అని అడిగితే, "అమ్మమ్మని తలుచుకోక్కర్లేకపోతే చేస్తా" అంది.