ఐదో అల కోసం: ఒక బెరా యంత్రం ఆత్మకథ

నా పేరు బెరా. చెవిలో పడిన శబ్దం నాడి వెంట మెదడు దాకా చేరుతోందో లేదో కొలిచే యంత్రాన్ని నేను. కంపెనీ పత్రాల్లో నా పేరు బారెడు ఉంటుంది గానీ, డాక్టర్లు చీటీ మీద రాసేదీ, వరండాలో తల్లులు పలికేదీ ఈ రెండక్షరాలే. ఒక జిల్లా ఆస్పత్రిలో, పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించడానికి పెట్టిన డీఈఐసీలో నా మకాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి కేంద్రాలు వచ్చాయి. అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని చూసే బృందాలు అనుమానం వచ్చినవాళ్లను ఇక్కడికి పంపుతాయి. "ఇంకా మాటలు రాలేదు" అన్న బెంగతో వచ్చే తల్లుల మధ్యే నా రోజులు గడుస్తాయి.

చూడ్డానికి నాలో విశేషమేమీ ఉండదు. ఒక చిన్న పెట్టె, దానికి కలిపిన కంప్యూటరు, రంగురంగుల తీగలు, చెవిలో దూర్చే స్పాంజి మొనలున్న సన్నటి గొట్టాలు రెండు. నాకు తప్పనిసరిగా కావలసింది పిల్లల నిద్ర. మెలకువగా ఉన్న పిల్ల కదిలినా, ఏడ్చినా, దవడ బిగించినా కండరాల విద్యుత్తు లేచి నేను వెతికే సంకేతాన్ని ముంచేస్తుంది. అందుకే "తెల్లవారుజామునే లేపండి, బస్సులో కునుకు తీయనివ్వకండి" అని తల్లికి ముందురోజే చెప్తారు. అప్పటికీ నిద్ర పట్టకపోతే పిల్లల డాక్టరు బరువు చూసి సిరప్ రాస్తారు. బిడ్డ ఒళ్లో సోలిపోయాక ఆడియాలజిస్టు మేడమ్ నుదుటి మీదా, రెండు చెవుల వెనకా గరుకు జెల్‌తో మెల్లగా రుద్ది, తుడిచి, ఎలక్ట్రోడ్లను ప్లాస్టరుతో అంటిస్తారు. చర్మం దగ్గర అవరోధం ఐదు కిలో ఓమ్‌ల లోపుకు దిగేదాకా మళ్లీ రుద్దుతారు. ఆ తర్వాత లైటు తీసేసి, సెల్‌ఫోన్లు ఆపించి, నన్ను మొదలుపెడతారు.

నేను చెవిలోకి పంపేది 'టిక్' మనే చిన్న చప్పుడు. దాని నిడివి సెకనులో పదివేలో వంతు. దానికి శ్రవణ నాడి ఇచ్చే జవాబు వోల్టులో పదిలక్షలో వంతు కూడా ఉండదు. అదే సమయంలో మెదడు తన పనుల్లో తాను పుట్టించుకునే విద్యుత్తు దానికి ఎన్నో రెట్లు. తిరునాళ్ల రొదలో ఒకే గొంతు ఒకే పేరును ఆపకుండా పిలుస్తూ ఉంటే ఎప్పటికో అది చెవిన పడ్డట్టు, నేనూ ఆ జవాబును ఓపిగ్గా పట్టుకుంటాను. వెయ్యి, రెండు వేల టిక్‌లు వినిపించి, వచ్చిన గీతలన్నిటినీ పేర్చి సగటు తీస్తాను. ఇష్టం వచ్చినట్టు లేచిన అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. టిక్‌కు కట్టుబడి వచ్చినవి మాత్రం నిలుస్తాయి.

నా వంశం పాతదే. 1924లో జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు మనిషి మెదడు విద్యుత్తును తల మీంచి మొదటిసారి నమోదు చేశాడు. శబ్దం వినిపిస్తే ఆ గీతలు మారతాయని 1939లో పౌలిన్ డేవిస్ చూపింది. 1971లో అమెరికాలో జ్యూయెట్, విల్లిస్టన్ మెదడు కాండం నుంచి వరసగా వచ్చే అలలను విడదీసి, వాటికి రోమన్ అంకెలు పెట్టారు. 1974లో హెకాక్స్, గాలంబోస్ పసిపిల్లల్లోనూ ఈ అలలను నమోదు చేశారు. 'నాకు వినబడింది' అని నోరు తెరిచి చెప్పలేని పసివాడి తరఫున అతని నాడే సాక్ష్యం చెప్పే వీలు అలా కలిగింది.

ఆ సాక్ష్యాన్ని నేను చదివే తీరు ఇది. లోపలి చెవిలో రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా ఉంటుంది. అందులో సుమారు మూడున్నర వేల లోపలి రోమ కణాలు కదలికను నాడీ సంకేతంగా మారిస్తే, ముప్పై వేల దాకా పోగులున్న శ్రవణ నాడి దాన్ని అందుకుంటుంది. మొదటి రెండు అలలు ఆ నాడివే. మూడోది మెదడు కాండంలోని కాక్లియర్ కేంద్రకం దగ్గర, నాలుగోది రెండు చెవుల సంకేతాలు కలిసే చోటు చుట్టుపక్కల, ఐదోది మధ్యమెదడుకు చేరబోతూ లేస్తాయి. పెద్దవాళ్లలో గట్టి చప్పుడుకు ఐదో అల ఆరు మిల్లీసెకన్ల లోపే కనిపిస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో ఏడు దాకా పడుతుంది. నాడీ పోగుల మీద మైలిన్ పొర ఇంకా పూర్తిగా పట్టకపోవడం దీనికి పెద్ద కారణం. పొర పట్టేకొద్దీ సంకేతం వేగం పుంజుకుని, ఏడాదిన్నర, రెండేళ్లకల్లా పెద్దల లెక్కకు వస్తుంది. చప్పుడు తగ్గించుకుంటూ పోయినప్పుడు అన్నిటికన్నా చివరిదాకా నిలిచేది కూడా ఐదో అలే. తొంభై డెసిబెల్స్ నుంచి డెబ్బై, యాభై, ముప్పైకి దిగినా అది కనబడితే మేడమ్ ముఖం తేటపడుతుంది.

ఒకసారి రెండున్నరేళ్ల బాబును తీసుకుని తల్లి, నాయనమ్మ వచ్చారు. నాయనమ్మ కూర్చోకుండానే మొదలుపెట్టింది. "వీళ్ల నాయనక్కూడా నాలుగో ఏడు దాకా మాటల్లేవమ్మా. మగపిల్లలు నిదానం కదా. తేనెలో వస అరగదీసి నాకించాం. చెవుడేం లేదు, కంచం మీద గరిటెతో కొడితే గిరుక్కున తిరుగుతాడు."

మేడమ్ ఆమె మాట పూర్తిగా విని, తల్లివైపు తిరిగారు. "చంటప్పుడు ఉంగా ఉంగా అనేవాడామ్మా?"

"మూడు నాలుగు నెలలప్పుడు బాగా అనేవాడండి. రాను రాను తగ్గించేశాడు."

"దగ్గర సంబంధమేనా?"

"మా మేనమామనే చేసుకున్నానండి."

ఈ జవాబులు రెండూ బరువైనవి. వినికిడి లేని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఉంగా ఉంగా అంటాడు. ఇల్లంతా మోసపోయేది అక్కడే. ఆరేడు నెలలకు 'బబబ', 'తతత' అని అక్షరాలు పేర్చడానికి మాత్రం తన గొంతు తనకు వినబడాలి. ఇక మేనరికం సంగతి. తల్లిదండ్రులిద్దరూ బాగానే వింటున్నా, ఒకే లోపపు జన్యువు ఇద్దరి నుంచీ బిడ్డకు చేరే ముప్పు రక్తసంబంధంలో పెరుగుతుంది. జీజేబీ2 అనే జన్యువులో మార్పుల వల్ల వచ్చే పుట్టు చెవుడు ఈ కోవలోదే. మేనరికం చేసుకున్న ప్రతి ఇంటా ఇలా జరగదు. జరిగే అవకాశం ఉంది కాబట్టే అడగాలి.

ఆ బాబు నిద్రపోయాడు. తొంభై దగ్గర మొదలుపెట్టాను. గీత చదునుగా వచ్చింది. మేడమ్ తీగలు సరిచూసి, మళ్లీ నడిపించారు. రెండో చెవిలోనూ అంతే. గరిటె దెబ్బకు తిరగడానికి కారణం, అది అతి గట్టి చప్పుడు కావచ్చు, నేల అదిరి ఉండొచ్చు, కంటి కొసకు చెయ్యి కదలిక తగిలి ఉండొచ్చు. మాట అంత గట్టిగా ఉండదు. అందులో 'స' లాంటివి మరీ పలచన. "నాలుకలో లోపం లేదమ్మా. బాబు మెదడుకు ఇన్నాళ్లూ మాట అందలేదు" అన్నారు మేడమ్. నాయనమ్మ చాలాసేపు మనవడి కాలు పట్టుకుని కూర్చుంది. తర్వాత, "ఇప్పుడేం చెయ్యాలో చెప్పండమ్మా" అని అడిగింది. శ్రవణ నాడి ఉందో లేదో తేల్చే ఎంఆర్ఐ, ముందుగా వినికిడి పరికరాలు, వాటితో లాభం లేకపోతే రోమ కణాలను దాటి నాడినే నేరుగా ప్రేరేపించే కాక్లియర్ ఇంప్లాంటు, ఆపరేషన్ తర్వాత వినడం, మాట్లాడటం నేర్పే శిక్షణ. దారి పొడవైనదే. కాక్లియర్ ఇంప్లాంటును ఆరోగ్యశ్రీలో చేర్చడం వల్ల ఎన్నో పేద ఇళ్లకు ఆ దారి తెరుచుకుంది.

ఇంకో రకం పిల్లలున్నారు. వాళ్ల కోసమే నేను ముఖ్యంగా ఉండాలనుకుంటాను. పుట్టగానే పచ్చకామెర్లు ముదిరి పసిపిల్లల ఐసీయూలో ఉండివచ్చినవాళ్లు. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ కనుగొన్న ఓఏఈ పద్ధతి కాక్లియాలోని బయటి రోమ కణాల ప్రతిధ్వనిని కొలుస్తుంది. ఆ పరీక్షలో వీళ్లలో కొందరు నెగ్గుతారు. నా దగ్గరకొస్తే అలలు లేవు. చెవి పనిచేస్తోంది, నాడి తాళం తప్పింది. పోగులన్నీ ఒకే క్షణాన స్పందిస్తేనే అల లేస్తుంది, మాట స్పష్టంగా తెలుస్తుంది. రక్తంలో మితిమీరిన బిలిరుబిన్ శ్రవణ నాడినీ, మెదడు కాండంలోని కేంద్రకాలనూ దెబ్బతీస్తుంది. 1996లో ఆర్నాల్డ్ స్టార్, ఆయన సహచరులు నాడి తాళం తప్పే ఈ స్థితికి ఆడిటరీ న్యూరోపతి అని పేరు పెట్టారు. ఐసీయూ నుంచి ఇంటికెళ్లే బిడ్డకు ఓఏఈ ఒక్కటే చేసి పంపితే వీళ్లు జారిపోతారు.

అలలన్నీ చక్కగా వచ్చినా మాటలు రాని పిల్లలు చాలామందే. నా చూపు మధ్యమెదడు దగ్గర ఆగిపోతుంది. అర్థం పుట్టేది దానికి పైన. 1861లో పాల్ బ్రోకా, 1874లో కార్ల్ వెర్నికె పెద్దవాళ్లలో మాట పోవడాన్ని పరిశీలించి ఎడమ మెదడులో భాషకు ముఖ్యమైన తావులను గుర్తించారు. ఆ పైన మాటకు తగిన కదలికలకు మెదడు పథకం వేయాలి, చిన్నమెదడు వాటి లయ సరిదిద్దాలి, ఐదు, ఏడు, తొమ్మిది, పది, పన్నెండో కపాల నాడులు దవడకు, పెదాలకు, గొంతుకు, నాలుకకు ఆజ్ఞలు మోయాలి. పథకం దగ్గర చిక్కు పడితే అప్రాక్సియా. ఆ పిల్లవాడికి చెప్పాలనుంటుంది, ఒకే మాట ప్రతిసారీ ఒక్కో రకంగా వస్తుంది. సెరిబ్రల్ పాల్సీలో ఆజ్ఞ కండరాల దగ్గర సడలుతుంది, లేదా బిగుసుకుపోతుంది. ఆటిజంలో ఎదుటి మనిషితో పంచుకునే తీరే వేరుగా ఉంటుంది. ఏ లోపమూ లేకుండా నిదానంగా మాట్లాడి, తర్వాత అందుకునే పిల్లలూ ఉన్నారు. ఎవరు ఏ కోవో ఇంట్లో కూర్చుని తేల్చలేం. నాలుక కింద పొర కోయిస్తే మాటలొస్తాయనీ, ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు కావడం వల్లే ఆలస్యమనీ అనుకుని నెలలు పోగొట్టుకోవద్దు. ఆ రెండూ మాటలు రాకపోవడానికి కారణాలు కావు.

నెలల గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం మెదడే. 1984లో వెర్కర్, టీస్ చేసిన పరిశోధనలో, ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని 'ట', 'త'ల తేడా పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలకు ఆ నేర్పు బాగా తగ్గిపోయింది. మన తెలుగులోనూ ఉన్న తేడాయే అది. వినబడే భాషకు తగినట్టు మెదడు తనను తాను మలుచుకుంటుంది, వినబడనిదాన్ని వదిలేస్తుంది. పుట్టు చెవుడున్న పిల్లల్లో మూడున్నరేళ్లలోపు ఇంప్లాంటు పెడితే మెదడు పైపొర స్పందన సాధారణ పిల్లల వేళలకు చేరుతోందని, ఏడేళ్లు దాటితే చాలామందిలో చేరడం లేదని 2002లో అను శర్మ బృందం చూపింది. ఇంప్లాంటు కుదరని పిల్లలకు సైగల భాష ఉంది. మెదడు దాన్ని పూర్తి భాషగానే నేర్చుకుంటుంది. అదీ తొలి ఏళ్లలోనే అందాలి.

పుట్టిన నెలలోపు ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష, అనుమానముంటే మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకు చికిత్స. ప్రపంచంలో చాలాచోట్ల పాటించే ఈ లెక్క మన ప్రతి ప్రసూతి వార్డుకూ రావాలన్నది నా కోరిక. అది వచ్చేలోపు ఇళ్లలో చేయగలిగింది ఉంది. పేరు పెట్టి పిలిస్తే తిరగని బిడ్డను, ఏడాది దాటి కొన్ని నెలలైనా ఒక్క మాట పలకని బిడ్డను, రెండేళ్లకు రెండు మాటలు కలపని బిడ్డను, వచ్చిన మాటలు పోగొట్టుకున్న బిడ్డను వెంటనే తీసుకురండి. కామెర్లు ముదిరినవాళ్లనీ, మెదడువాపు జ్వరం వచ్చి తగ్గినవాళ్లనీ మాటల కోసం ఎదురుచూడకుండా తీసుకురండి. నా పరీక్షకు పట్టేది ఒక పూట. వినికిడి బాగుందని తేలితే మిగతా కారణాల వెతుకులాట ఆ రోజే మొదలవుతుంది. బాగాలేదని తేలితే, నేర్చుకునే ఏళ్లు చేతిలో ఉండగానే ఆ బిడ్డకు చికిత్స అందుతుంది.