పిలవని పేరంటానికి ఎర్ర తివాచీ

రాష్ట్రానికి ఏం కావాలో ప్రభుత్వానికి తెలియదు, కంపెనీలకే తెలుసు. అందుకే టెండరు పిలవకముందే నిగనిగలాడే అట్ట వేసిన ప్రతిపాదనతో సచివాలయంలో వాలిపోతారు. బొమ్మలో నీలాకాశం, గాజు మేడలు, సైకిల్ తొక్కే పిల్లలు. ఎక్కడో చివరి పేజీలో, భూతద్దం పెడితే కనిపించే అక్షరాల్లో: భూమి ప్రభుత్వమే ఇవ్వాలి. నెల తిరిగేసరికి ఆ మేడలు లేక రాష్ట్రం ఎన్నేళ్లుగా అల్లాడిపోతోందో ఫైల్లో నోట్ సిద్ధం.

ఈ తతంగానికి పెద్దమనిషి పేరు స్విస్ ఛాలెంజ్. మొదటివాడి ప్రతిపాదన చూపించి, ఇంతకన్నా మెరుగ్గా చేసేవాళ్లుంటే రమ్మని దండోరా వేస్తారు. ఎవరైనా నిజంగానే వచ్చి మెరుగైన ధర పలికారనుకోండి, మొదటివాడు "అదే ధరకు నేనే చేస్తా" అంటే చాలు, పని అతనిదే. శుభలేఖలు పంచాక పెళ్లిచూపులకు పిలిస్తే ఏ వరుడొస్తాడు? రాకపోతే "చూశారా, పోటీకి ఎవరూ నిలవలేదు" అని మళ్లీ మనకే చెబుతారు.

అమరావతి స్టార్టప్ ఏరియానే తీసుకోండి. 1,691 ఎకరాలు. ముందుకొచ్చింది సింగపూర్ కన్సార్షియం. 2016లో పోటీకి రమ్మన్నారు గానీ, ఆ కన్సార్షియం ప్రభుత్వానికి ఇస్తానన్న ఆదాయ వాటా ఎంతో గుట్టుగా ఉంచారు. ఎంత ఎత్తు దూకాలో చెప్పరు, దూకమంటారు! హైకోర్టు స్టే ఇచ్చింది. సర్కారు తన పద్ధతి మార్చుకుంటుందనుకుంటే చట్టాన్నే మార్చుకుంది. 2017 మేలో శంకుస్థాపన, ప్రభుత్వం మారాక 2019లో "పరస్పర అంగీకారంతో" రద్దు.

ఇదేమీ ఎవరూ హెచ్చరించక జరిగింది కాదు. ఈ పద్ధతి పాటిస్తే నియమాలు ముందే అందరికీ తెలియాలని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. ఇలాంటి అడగని ప్రతిపాదనలను ప్రోత్సహించొద్దని, సమాచారమంతా ఒక్కరి చేతిలోనే ఉంటుందని 2015లో ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యాలపై వేసిన కేల్కర్ కమిటీ రాసింది. నివేదికలు బీరువాలకు అందం కదా!

ఆలోచనకు విలువ ఇవ్వొద్దా అంటారు. ఇవ్వండి, ఎవరొద్దన్నారు? సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) ఖర్చు చేతిలో పెట్టి, దండం పెట్టి, ఆ తర్వాత అందరితో సమానంగా టెండరు వేయమనండి. అలా అన్న మరుక్షణం ఎంతమందికి ప్రజాసేవ మీద విరక్తి పుడుతుందో చూడాలని ఉంది. ఇంకో చిన్న కోరిక కూడా ఉంది. ఆ ప్రతిపాదన ఫైలు ప్రాపర్టీస్ తెరిచి, మొదట ఎవరి కంప్యూటర్లో పుట్టిందో ఒక్కసారి చూడాలి.