బల్ల మీద జైలు: శంకుస్థాపన నుంచి పరారీ దాకా

బల్ల మీద పాత అమెరికా పడమటి ఊరొకటి కడుతున్నారు. హెచ్‌ఓ స్కేలు బొమ్మ రైలు, అంటే అన్నీ అసలు కొలతలో 87వ వంతు. పట్టాలు పరిచారు, స్టేషన్ నిలబెట్టారు, సెలూన్‌కి రెండు రెక్కల తలుపు అతికించారు. ఇక జైలు మిగిలింది. చాలామంది చెడిపోయేది ఇక్కడే. పాత ఫొటోలు వెతుకుతారు. మీరు మాత్రం ఆ జోలికి పోకండి.

చూస్తే ఏం తెలుస్తుంది? 1880, 90లలో చిన్న ఊళ్ల జైళ్లు చాలావరకు ఒంటిగది కొట్లని తెలుస్తుంది. తాగి గొడవ చేసినవాణ్ణి తెల్లారేదాకా మూసిపెట్టడానికి, పెద్ద దొంగ దొరికితే కౌంటీ కేంద్రానికి పంపేదాకా ఉంచడానికి అంతకు మించి అక్కర్లేకపోయింది. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు కొట్టయితే, 87వ వంతుకి తగ్గిస్తే 35 మిల్లీమీటర్లు, 42 మిల్లీమీటర్లు. ఇంత ఖర్చు పెట్టి తపాలా బిళ్లంత జైలా? రెండంతస్తులు లేపండి. నాలుగు మూలలా బురుజులు పెట్టండి. ఊళ్లో ఇరవై ఇళ్లున్నా, జైల్లో రెండు వందల మంది పట్టాలి. అంతమంది నేరస్థులు ఎక్కణ్ణుంచి వస్తారని అడిగితే, రైలు దిగి వస్తారని చెప్పండి.

జైలన్నాక ఊచలు లెక్కపెట్టడానికి వీలుండాలి. అంగుళం మందం ఊచ ఈ స్కేలులో 0.3 మిల్లీమీటరు కూడా ఉండదు. సన్న తీగ ముక్కలు కోసి, పట్టుకారుతో ఒక్కొక్కటే నిలబెట్టేవాళ్లున్నారు పాపం. మీరు అగ్గిపుల్లలు వాడండి. రెండు మిల్లీమీటర్ల పుల్ల అంటే అసలు కొలతలో దాదాపు ఏడంగుళాల దుంగ. పుల్లకీ పుల్లకీ మధ్య అయిదు మిల్లీమీటర్లు వదిలితే చూడ్డానికి బాగుంటుంది. ఆ సందు పదిహేడు అంగుళాలు. ఖైదీ కాస్త పక్కకు తిరిగితే చాలు, బయట ఉంటాడు. అదీ ఒకందుకు మంచిదే, ఎందుకో చివర్లో చెప్తాను.

గోడలకి ఇటుక బొమ్మ అచ్చేసిన కాగితం అతికించెయ్యండి. అసలు చాలాచోట్ల చెక్క పలకలను బల్లపరుపుగా ఒకదానిమీద ఒకటి పేర్చి, రంపం పెడితే పళ్లు విరిగేలా లోపలంతా మేకులు దట్టంగా దిగ్గొట్టి గోడ లేపేవాళ్లు. రెండంగుళాల పలకలతో తొమ్మిదడుగుల గోడ అంటే 54 వరసలు. అంత ఓపిక ఉంటే మనం ఈ వ్యాసం చదువుతూ ఎందుకుంటాం?

సెయింట్ లూయిస్‌లో పాలీ అని ఒక కంపెనీ ఉండేది. 1856లో మొదలైంది, జైళ్లు కట్టడమే దాని వ్యాపారం. ఇనప బద్దీలతో అల్లిన బోనులు అక్కడ తయారయ్యేవి. బోను విడిభాగాలు రైలెక్కి ఊరు చేరడం, స్టేషన్లో దించి బండి మీద వేసుకుపోయి బిగించడం... ఒక ఫ్లాట్ వాగన్ మీద ఆ ఇనప జల్లెడ పలకలు నాలుగు పేర్చి, పక్కన చేతులు కట్టుకున్న షెరీఫ్‌ని నిలబెడితే రైలుకీ జైలుకీ ఉన్న సంబంధం ఒక్క చూపులో తెలిసిపోతుంది. అందుకే వద్దంటున్నాను. ఆ వాగన్ ఉంటే మీ బురుజుల వంక ఎవరూ చూడరు.

అరిజోనాలోని వికెన్‌బర్గ్ మాట కూడా ఎవరైనా ఎత్తుతారు. ఆ ఊళ్లో 1863 నుంచి 1890 దాకా జైలే లేదు, దొంగల్ని ఒక మెస్కీట్ చెట్టుకి గొలుసుతో కట్టేసేవాళ్లు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. చెరువుగట్టున ఒక ఎండుపుల్ల విరుచుకొస్తే పైసా ఖర్చు లేకుండా జైలు తయారు. ఛీ, ఖర్చు లేనిదీ ఒక అభిరుచేనా? అయినా సరే చెట్టు పెడతానంటే, దాని పక్కనుంచే రైలు పోనివ్వండి. ఆ ఊరికి రైలు వచ్చింది 1895లో అని గొణిగేవాళ్లు బళ్లో కూడా అలాగే గొణిగి ఉంటారు.

అదే రాష్ట్రంలో క్లిఫ్టన్ జైలు కొండరాతిని తొలిచి చేసింది. తొలిచినవాడే తాగి గోల చేసి అందులో మొదటి ఖైదీ అయ్యాడని అక్కడ చెప్పుకునే కథ. ఇప్పుడు ఆ జైలు పక్కనే పాత ఆవిరి ఇంజనొకటి ప్రదర్శనకి పెట్టారు. కొండ, జైలు, ఇంజను పక్కపక్కనే ఉన్నాయి కదా అని ఆశపడకండి. ఇదంతా చేస్తే నిజంలా కనిపిస్తుంది.

దీపం సంగతి. ఆ కాలంలో కిరోసిన్ లాంతరు మసక పసుపు వెలుగిచ్చేది. మీరు తెల్లటి ఎల్‌ఈడీలు ఆరు బిగించండి. గోడల లోపలివైపు నల్లరంగు పుయ్యకండి, వెలుగు గోడల్లోంచీ మూలల్లోంచీ కారితే జైలు మొత్తం మెరుస్తుంది. దొంగలు దూరం నుంచే చూసి జాగ్రత్తపడతారు.

ఇక పరారీ. పరారీ లేని జైలు మ్యూజియంలో కూడా పనికిరాదు. కప్పు మీద ఒకడు, తాడు పట్టుకుని ఇంకొకడు, కింద డైనమైట్ పట్టుకుని మూడోవాడు, ఇవతల ఉరికొయ్య, దాని పక్కన శవపేటిక. ఇదంతా పట్టపగలు, ప్లాట్‌ఫారం మీద ఆడవాళ్లు గొడుగులు పట్టుకుని నిలబడి ఉండగానే జరగాలి. ఊచల సందులోంచి నడిచి రాగలిగినవాడికి డైనమైట్ దేనికని ఎవరైనా జేబులోంచి స్కేలుబద్ద తీస్తే, జవాబు చెప్పకండి. రైలు వదిలి, విజిల్ గట్టిగా మోగించండి.